దులారి వాళ్ళింటి పైలీ

నా ఉద్యోగం ఏమిటో మా చుట్టాలకి చివరిదాకా అర్థం కాలేదు. మ్యూజియంలో పని అంటే టిక్కెట్లు చింపడం అనుకునేవారు కొందరు. పిల్లలకి చెప్పడం అంటే టీచరు అనుకునేవారు ఇంకొందరు. "మ్యూజియంకి రాలేని పసిపిల్లల దగ్గరికి మ్యూజియాన్నే తీసుకెళ్తాను" అని ఒక పెళ్ళిలో చెబితే, మా పిన్ని ముక్కున వేలేసుకుని, "అంత పెద్ద బిల్డింగు ఎలాగ పట్టుకెల్తావే" అంది. నేను పట్టుకెళ్ళింది ఒక ఇనప పెట్టె. హిందీలో పేటీ. అందుకే ఛత్తీస్‌గఢ్‌లో, భిలాయి చుట్టుపక్కల పల్లెల్లో, కూలీ బస్తీల్లో నేను పేటీ దీదీని. రమణ అనే నా అసలు పేరు ఆఫీసులో సంతకం పెట్టడానికే పనికొచ్చేది.

రిటైరయ్యాక భిలాయిలోనే రిసాలిలో ఉంటున్నాను. ఈమధ్య ఆ పేటీ మోస్తున్న ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చి, "ట్రైనింగ్‌లో అన్నీ చెప్పారు దీదీ, పిల్లలే మా దగ్గరికి రావడం లేదు" అన్నారు. ఇద్దరూ తెలుగింటి పిల్లలే గానీ మాట్లాడిందంతా హిందీలోనే. టీ ఇచ్చి పంపించాను. చెప్పవలసింది మాత్రం ఆ పూట నోటికి రాలేదు. ప్రమోషన్లూ రిపోర్టులూ వాళ్ళకి ఎవరైనా చెబుతారు. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. తెలుగు చదవడం రాకపోతే వాళ్ళమ్మల చేత చదివించుకుంటారు.

పేటీలో ఏముండేది

గొప్ప వస్తువులేమీ ఉండేవి కావు. ఒక మట్టి ఎద్దు, దాని కాలు ఎన్నిసార్లు విరిగిందో ఎన్నిసార్లు అతికించామో లెక్కలేదు. ఒక ఇత్తడి గంట, గవ్వల దండ, గిజిగాడి గూడు, వెదురు విసనకర్ర. వెనకటి రోజుల్లో ఉక్కు ప్లాంటు గేటు దగ్గర పనివాళ్ళ చేతికిచ్చిన ఇత్తడి టోకెన్ బిళ్ళ ఒకటి. అలాంటి బిళ్ళే మా నాన్న దగ్గరా ఉండేది. ఆయన శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి వచ్చి బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల వేడిలో ఉద్యోగమంతా గడిపారు.

అన్నిటికంటే పిల్లలు ఇష్టపడింది గనుల నుంచి తెచ్చిన ఎర్ర రాయిని. ఇనుము కరిగించేది ఆ రాయిలోంచే. చూడ్డానికి చిన్నదే, బరువు మాత్రం ఎక్కువ. పిల్ల నిర్లక్ష్యంగా ఒక చెయ్యి చాపుతుంది, రాయి అందులో పెట్టగానే ఆ చెయ్యి కిందికి దిగిపోతుంది, కళ్ళు పెద్దవవుతాయి, అప్పుడు రెండో చెయ్యి వస్తుంది. ఆ రెండో చెయ్యి కోసమే నేను ఇన్నేళ్ళూ ఎర్రదుమ్ములో తిరిగానని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ ముఖం చూసే భాగ్యం మళ్ళీ లేదని తలుచుకుంటే దిగులేస్తుంది.

మూడేళ్ళ పిల్లకి చరిత్ర అక్కర్లేదు. పాతది అంటే వాళ్ళకి నిన్నటిది. ఒకసారి భిలాయి-3 అనే పేటలో రైల్వే క్వార్టర్ల దగ్గర, తెలుగు కుటుంబాల పిల్లల మధ్య కూర్చున్నాను. మట్టి ఎద్దు చూపించి ఇది మీరు పుట్టకముందుదని చెప్పాను. ఒక బుడ్డోడు ఆలోచించి, "మా అమ్మ పుట్టకముందా?" అన్నాడు. అవునన్నాను. "మా నానమ్మ?" ఆవిడ కూడా పుట్టలేదన్నాను. వాడు కంగారు పడిపోయి, "మరి అప్పుడు అన్నం ఎవలు వండీవోరు?" అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ వాళ్ళ నానమ్మ, "ఆడికి ఎప్పుడూ తిండి గోలే" అని నవ్వింది. చరిత్ర గురించి నేను విన్న ప్రశ్నల్లో అంతకంటే మంచిది ఇంకోటి లేదు.

నా చాదస్తాలు

చాక్లెట్లు పంచకండి. పంచిన రోజు నుంచి పిల్లలు పేటీని చూడరు, మీ సంచీని చూస్తారు. చురుగ్గా మాట్లాడే పిల్లని ముందు కూర్చోబెట్టుకుని అంతా బాగా జరిగిందని మురిసిపోకండి, వెనక గోడకి అంటుకుని కూర్చున్నదాని కోసమే మీరు వెళ్ళారు. ఏడ్చేవాణ్ణి ఊరుకోబెట్టడానికి తల ప్రాణం తోకకి తెచ్చుకోవద్దు. వాడి పక్కన ఇత్తడి గంట పెట్టి మీ పని మీరు చూసుకోండి. కాసేపటికి గంట మోగుతుంది.

ఇప్పుడు ప్రతి సెషన్‌కీ ఫోటోలు పంపాలట. ఫోటో కోసం రాయి పట్టుకున్న పిల్ల రాయిని చూడదు, ఫోన్‌ని చూస్తుంది. పైవాళ్ళు అడిగితే ఒకటి తీసి పంపి, ఫోన్ లోపల పెట్టేయండి. దీనికి మీ మీద ఎవరైనా విసుక్కుంటే నా పేరు చెప్పండి, నన్ను ఇప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు.

ఇద్దరు బాసులు

నా మొదటి బాసు గురించి ఎక్కువ రాయను. "మూడేళ్ళ పిల్లలకి మ్యూజియం ఏమిటమ్మా, ముక్కు తుడుచుకోవడం నేర్పు" అనేవాడు. రెండూ నేర్పుతాను సార్ అన్నందుకు నాకు జీపు ఆపేశాడు. కొన్నాళ్ళు పేటీ ఆటోలో పెట్టుకుని తిరిగాను. జీపు డ్రైవర్ అప్పారావు మాత్రం ఆయన్ని ఇంటి దగ్గర దింపి వస్తూ దారిలో నన్ను ఎక్కించుకునేవాడు. "అయ్యగారు అడిగితే టైరు పంచరైందంటాను, మీరు ఊరుకోండక్కా" అనేవాడు. మా జీపుకి అయినన్ని పంచర్లు భిలాయిలో మరే బండికీ అయి ఉండవు.

తరవాత వచ్చింది మిశ్రా సార్. క్యూరేటరు. మంచి మనిషి. నిజంగా మంచి మనిషి కాబట్టే ఆయన గురించి రాయడం కష్టం. జీపు ఇచ్చారు, పేటీకి కొత్త తాళం వేయించారు, "పసిపిల్లల దగ్గరికి మీరు వెళ్ళాలి రమణాజీ, అదే మన అసలు పని" అని అందరి ముందూ అన్నారు. కానీ ఆయన మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. ఆయనకి వస్తువులంటే ప్రాణం. తెల్ల చేతి తొడుగులు వేసుకుని ఒక పాత గరిటెని పట్టుకుంటే, పురిటి బిడ్డని పట్టుకున్నట్టు ఉండేది. మనుషులు వాడి పాడుచేస్తారు, మనం దాచి కాపాడతాం అన్నది ఆయన నమ్మకం. మ్యూజియం మనుషులు చాలామంది అంతే. మీరూ అలా అయిపోతారు, జాగ్రత్త.

అరువు తెచ్చిన వస్తువు

నా పనిలో నాకు గర్వంగా ఉన్నది ఒక్కటే. ప్రతి ఊళ్ళోనూ ఒక ఇంటి నుంచి ఒక వస్తువు అరువడిగేదాన్ని. కొన్నాళ్ళు అది పేటీలో మిగతా ఊళ్ళు తిరుగుతుంది, "ఇది ఫలానా పిల్ల వాళ్ళింటిది" అని చెబుతాను, తిరిగి తెచ్చి ఆ పిల్ల చేతికే ఇస్తాను. తన ఇంటి వస్తువు వేరే ఊరి పిల్లలు చూశారని తెలిసిన పిల్ల నడకే మారిపోతుంది. మ్యూజియం అంటే ఏమిటో నాలుగేళ్ళ పిల్లకి చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

భిలాయి-3 దాటాక లోపలికి ఒక పల్లె ఉంది. అక్కడి అంగన్‌వాడీలో దులారి అనే పిల్ల ఉండేది. వెనక గోడకి అంటుకుని కూర్చునే రకం. నాతో మాట్లాడటానికే చాలా రోజులు పట్టింది. ఒకరోజు తనంతట తనే నా కొంగు పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళింది. వాళ్ళ నానమ్మని ఊరంతా దాయి, అంటే అమ్మ, అనేవారు. పిల్ల లోపలికి పోయి ఒక పైలీ తెచ్చి రెండు చేతులతో నా ముందు పెట్టింది.

పైలీ అంటే ధాన్యం కొలిచే చెక్క పాత్ర, మన మానిక లాంటిది. ఎన్ని చేతులు పడ్డాయో, దాని ఒళ్ళంతా నున్నగా నల్లగా మెరుస్తోంది. అంచుకి ఇనప కమ్మీ, పక్కన ఒక బీట, ఆ బీటని లక్కతో పూడ్చారు. దాయి వాళ్ళ అత్తగారి నాటిదట.

"తీసుకెళ్ళు బేటీ, కానీ ఛేర్‌ఛేరాకి ముందే ఇచ్చెయ్యాలి. నా మణికట్టు పనిచెయ్యడం లేదు. ఈసారి నోనీ పోస్తుంది" అంది దాయి. నోనీ అంటే ఛత్తీస్‌గఢీలో ఆడపిల్ల.

ఛేర్‌ఛేరా పుష్య పున్నమినాడు వస్తుంది. కొత్త వడ్లు ఇంటికి చేరాక, ఆ పొద్దున పిల్లలూ పెద్దలూ ఇంటింటికీ వెళ్ళి ధాన్యం అడుగుతారు. ఆ రోజు అడగడానికి ఎవరూ సిగ్గుపడరు, లేదని ఎవరూ అనరు. భూమి ఉన్నవాడు కూడా లేనివాడి గుమ్మంలో నిలబడి అడుగుతాడు. ఆ ఇంటి తరఫున గుమ్మంలో నిలబడి వడ్లు పోయడం అంటే ఆ ఇంటి మనిషివని ఊరంతా ఒప్పుకోవడం. దులారికి తల్లి లేదు, తండ్రి ఎక్కడో ఇటుక బట్టీలో ఉంటాడు. ఆ పిల్ల అప్పటికే ఖాళీ పైలీతో గాలిని కొలిచి పోయడం ప్రాక్టీసు చేస్తోంది.

పండక్కి ముందే తెచ్చిస్తానని ఆ పిల్లకి మాటిచ్చాను.

గాజు వెనక

నడుమ మా మేనమామ పోయి నేను ఊరికి వెళ్ళాల్సి వచ్చింది. తిరిగి వచ్చి పేటీ తెరిస్తే పైలీ లేదు. పైన గ్యాలరీలో ఉంది. గాజు బీరువాలో, చిన్న దీపం కింద. పైలీ అడుగున తెల్ల రంగుతో నంబరు వేసి, దాని మీద వార్నిషు కూడా పూశారు.

మిశ్రా సార్ ముఖం వెలిగిపోతోంది. "ఇలాంటిది మన దగ్గర లేనే లేదు రమణాజీ. పేటీలో రాళ్ళతో కలిపి పడేశారు. నేను చూడకపోతే ఏమైపోయేదో."

"అది మనది కాదు సార్. అరువు తెచ్చాను."

ఆయన తెల్లబోయారు. ఒక్క క్షణమే. "నంబరు పడిపోయిందే" అన్నారు, జరగకూడనిది జరిగిందన్నట్టు. మ్యూజియంలో నంబరు పడిందంటే ఆ వస్తువు ఇక బయటికి వెళ్ళదు. వెళ్ళాలంటే కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో కమిటీకే తెలియదు. ఇంకో ఆఫీసులో అయితే గుడ్డ పెట్టి తుడిచేసేవారు. మాకు మాత్రం ఒక చుక్క రంగు తాళం కంటే గట్టిది.

ఒంటికాలి మీద లేచాను. ఆయన ఓర్చుకుని విన్నారు. "వాళ్ళింట్లో ఎలుకలు కొరికేస్తాయి. ఇక్కడైతే నూరేళ్ళు ఉంటుంది" అన్నారు.

"ఇంతకాలం ఆ ఇంట్లోనే కదా సార్ ఉంది. ఎలుకలు ఎత్తుకుపోలేదు, మనమే పట్టుకొచ్చేశాం."

"బజారులో కొత్త పైలీ కొని ఇద్దాం. మంచిది, ఇత్తడిది."

వేరే దారి లేక ఇత్తడిదే పట్టుకెళ్ళాను. దారిలో అప్పారావు, "ఏటక్కా ఇది, ఆ గుంట ఇదడిగిందేటి?" అన్నాడు. నోరుమూసుకుని నడపమన్నాను. వాడిమీద నాకు కోపం లేదు.

అంగన్‌వాడీలో దులారి ఇత్తడి పైలీని చూసి, నా వెనక పేటీకేసి చూసింది. పేటీ తెరిచాను. వస్తువులన్నీ ఒక్కొక్కటే తీసి కింద పెట్టి అడుగుదాకా వెతికింది. ఏడవలేదు. గోడ దగ్గరికి పోయి కూర్చుంది. కాసేపయ్యాక పిల్లలకి నీళ్ళు పోస్తూ దాని గ్లాసు కోసం చెయ్యి చాపాను. ఆ పిల్ల గ్లాసుని వీపు వెనక దాచుకుంది. పక్క పిల్ల కూడా అలాగే చేసింది. ఆ రోజు ఎర్ర రాయి ఎవరూ తీసుకోలేదు.

ఇంటికి వెళ్తే దాయి తిట్టలేదు. "నువ్వు అడిగావని ఇచ్చాను బేటీ. వాళ్ళెవరో నాకు తెలియదు" అంది. తిట్టినా బాగుండేది.

నాకు బాగా అర్థమైంది. పోయేది ఒక చెక్క పాత్ర కాదు. గోడ దగ్గర నుంచి లేచి వచ్చి తన ఇంట్లో ఉన్న మంచి వస్తువు మన చేతిలో పెట్టిన పిల్ల, ఇంకెప్పుడూ ఎవరి చేతిలోనూ ఏదీ పెట్టదు. పండగ దగ్గరికొచ్చేసింది. మిశ్రా సార్ గదిలోకి వెళ్ళి అరవకుండా ఒకే మాట అడిగాను.

"సార్, ఆ పిల్లకి నీ పైలీ ఇక రాదని నేను చెప్పలేను. మీరు వచ్చి చెప్పండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత వయసు?" అన్నారు.

"నాలుగు."

"నాలుగేళ్ళ పిల్లకి ఎలా చెబుతారు?"

"అదే నా ఉద్యోగం సార్. ఇది మాత్రం నాకు చేతకావడం లేదు."

మర్నాడు నాతో అంగన్‌వాడీకి వచ్చారు. కోటు, మఫ్లరు, బూట్లు గుమ్మం బయట. జంబుఖానా మీద కూర్చోవడానికి ఆయన పడ్డ అవస్థ చూసి అప్పారావు అటు తిరిగి నవ్వాడు. ఆయన చెప్పాల్సింది హిందీలో బాగానే సిద్ధం చేసుకొచ్చారు. పాతవస్తువుల విలువ, గాజు బీరువా, దీపం, చూడ్డానికి వచ్చే జనం. దులారి విన్నది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"మరి అందులో వడ్లు ఎవరు కొలుస్తారు?"

ఎవరూ కొలవరని ఆయన చెప్పాలి. అది చెప్పడానికి బదులు, దగ్గరికి రమ్మన్నట్టు చెయ్యి చాపారు. ఆ పిల్ల చేతిలో అటుకుల గిన్నె ఉంది. దాన్ని రెండు చేతులతో పొట్టకి అదుముకుని గోడకి ఇంకా అంటుకుపోయింది. ఆయన చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. తిరిగి వచ్చాక జీపు దిగేముందు, "దొంగని చూసినట్టు చూసింది రమణాజీ" అన్నారు. ఆయన గొంతు వినడానికే నాకు కష్టంగా అనిపించింది. ఆయన మీద ఉన్న కోపం అంతటితో పోయింది.

పున్నమి పొద్దున

కమిటీకి ఏం రాశారో, ఎవరితో ఎన్ని మాటలు పడ్డారో నేను అడగలేదు. ఆ తరవాత ఆయనకి పైనుంచి చాలాకాలం మొట్టికాయలు పడ్డాయని విన్నాను. ఛేర్‌ఛేరానాడు తెల్లవారగానే మా గుమ్మం ముందు జీపు హారన్ మోగింది. ముందు సీట్లో మిశ్రా సార్. ఒళ్ళో పైలీ. చేతులకి తెల్ల తొడుగులు లేవు.

"బేగి రండక్కా, అయ్యగారు నన్ను నిద్దర్లోంచి లేపీసినారు" అన్నాడు అప్పారావు.

మేం వెళ్ళేసరికి వీధిలో పిల్లలు సంచులు పట్టుకుని గుంపులుగా తిరుగుతున్నారు. చలికి అందరి నోట్లోంచీ ఆవిర్లు వస్తున్నాయి. దాయి ఇంటి ముందు అలికి ముగ్గు పెట్టారు. గుమ్మంలో దులారి, పక్కన గంపలో వడ్లు, చేతిలో ఒక స్టీలు గిన్నె. పైలీ లేని ఇంటికి అదే గతి. మిశ్రా సార్ జీపు దిగి పైలీని రెండు చేతులతో పట్టుకుని గుమ్మం దాకా నడిచి, ఆ పిల్ల ఎత్తుకి వంగారు.

దులారి గిన్నె కింద పెట్టి పైలీ అందుకుంది. లోపలికి తొంగి చూసింది. తిప్పి కింద చూసింది. తెల్ల నంబరు కనిపించింది.

"ఇదేంటి?"

"తప్పిపోకుండా వేశాను. కావాలంటే చెరిపేస్తాను" అన్నారు మిశ్రా సార్.

"ఉండనీ" అని గంపలో ముంచింది.

మొదట పిల్లలకి పోసింది. పైలీ నిండగానే బరువుకి ఆ పిల్ల చేతులు కిందికి దిగేవి, దాయి సాయం చెయ్యబోతే ఒప్పుకునేది కాదు. సగం వడ్లు నేలమీద పడేవి. అందరూ అయ్యాక కూడా మిశ్రా సార్ అక్కడే నిలబడి ఉన్నారు. ఏం చెయ్యాలో తెలియనట్టు చూస్తున్నారు.

"అడుగు సాబ్. ఈరోజు అందరూ అడగొచ్చు" అంది దాయి.

ఆయన మెడలో మఫ్లరు తీసి రెండు చేతుల మధ్య పరిచి ముందుకు చాపారు. పెద్ద క్యూరేటరు, కోటు వేసుకున్న మనిషి, తల వంచుకుని నిలబడ్డారు. దులారి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. పైలీ నిండా ముంచి, పైన ఇంకో గుప్పెడు పెట్టి, మఫ్లరులో పోసింది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

మేం జీపు ఎక్కుతుంటే వెనక నుంచి పరుగు వినిపించింది. దులారి. ఖాళీ పైలీని నా చేతిలో పెట్టింది.

"దీదీ, పేటీలో పెట్టుకో. వేరే ఊళ్ళ పిల్లలకి చూపిస్తానన్నావుగా. రేపు ఇచ్చెయ్."

తీసుకున్నాను. ఆ పూటే పక్క ఊరి పిల్లలకి చూపించాను. మర్నాడు దాన్ని తిరిగి ఇవ్వడానికి తెల్లవారుజామునే తయారై బయటికి వస్తే, మిశ్రా సార్ అప్పటికే మా గుమ్మం ముందు జీపులో కూర్చుని ఉన్నారు.